అన్నింటికంటే చల్లని చోటు

జూన్ 3

నా మేనకోడలికి, నా మందుల కొట్టుకు కొన్నాళ్ళ మహారాణికి, ముద్దులూ మొట్టికాయలూ చెరిసగం పంపుతూ అత్త రాస్తున్నది.

ఎడమ మోకాలి ఆపరేషను అయింది. కుడిదాని వంతు వచ్చే నెల. అందాకా అమ్మాయి ఇంట్లోనే ఉండమన్నారు. అల్లుడు ఇల్లరికం రావడం విన్నాం గానీ, అత్తగారు ఇల్లరికం రావడం ఎక్కడైనా ఉందా? అల్లుడు మంచివాడే. నేను దగ్గితే చాలు, లేచి నిలబడతాడు. ఆ మర్యాదకే నాకు ఊపిరాడటం లేదు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని నవ్వుతావు. కొట్లో ఫోన్ బల్ల మీద ఉంటుంది, అరిచినట్టు వినిపిస్తుంది. నేనిక్కడ ఒక మాట అంటే అక్కడ మందుల కోసం నిలబడ్డ ఊరంతా వింటుంది. ఇక్కడేమో అమ్మాయి నా పక్కనే కూర్చుని "అమ్మా, బీపీ, బీపీ" అంటుంది. ఉత్తరమైతే మనిద్దరం తీరిగ్గా తిట్టుకోవచ్చు.

ఇక పని మాట. నువ్వు పట్నంలో పెద్దాసుపత్రి మందుల విభాగంలో చేసొచ్చావు, కాదనను. కానీ మన దగ్గర చీటీ కంటే ముందు మనిషి వస్తాడు, వాడి వెనక వాడి కష్టాలన్నీ వస్తాయి. కసురుకోకు. చదువు రానివాళ్ళకు పొట్లం మీద పొద్దుటి మాత్రకు సూర్యుణ్ణి, రాత్రి మాత్రకు చంద్రుణ్ణి వేసి ఇవ్వు. తలుపు దడాలున వెయ్యకు, మీ నాన్న కుర్రతనంలో చేసిన అరలవి, ఊగుతాయి.

ఫ్రిజ్ జాగ్రత్త. పోయిన ఎండల్లో కరెంటు పూటపూటా పోతుంటే చల్లదనం మీట చివరంటా తిప్పాను. దాన్ని ముట్టుకోకు. కింది అరలో బాగా వెనక, మంచు పట్టే గోడకు ఆనించి మీ నాన్న ఇన్సులిన్ సీసాలుంటాయి. ఫ్రిజ్ మొత్తంలో అన్నింటికంటే చల్లని చోటు అదే. కరెంటు పోయినా ఆఖరున వేడెక్కేది అదే. అందుకే ఆ చోటు ఇంకెవరికీ ఇవ్వను. ఊరి పెద్ద వచ్చి అడిగినా ముందు వరసలోదే ఇస్తాను. సొంత తమ్ముడికి ఆ మాత్రం చేసుకోకపోతే కొట్టు పెట్టుకుని ఏం లాభం?

వాడి సంగతే నాకు బెంగ. ఏడాదిగా వాడి షుగరు దిగదు. డాక్టరు గారు మోతాదు రెండుసార్లు పెంచారు, అయినా దిగదు. ఉలి జారి బొటనవేలి మీద పడిన పుండు మానదు. వచ్చే నెల చూపించేసరికి మానకపోతే వేలు తీసేస్తామన్నారట. వడ్రంగికి కాలు కూడా చెయ్యే కదా. ఇంత మందు పడుతున్నా షుగరు దిగలేదంటే దొంగతనంగా తీపి తింటున్నాడన్నమాట. టీకొట్టు వాడికి కూడా చెప్పాను, వీడికి చక్కెర వేస్తే ఊరుకోనని. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వైనా పట్టు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

లోహపు మోకాలి
మీ అత్త


జూన్ 10

అత్తకు, దూరంగా ఉన్నా నా నెత్తి మీదే కూర్చున్న యజమానురాలికి,

నీ ఉత్తరం చదువుతుంటే తలుపు దడాలున వేశాను. అరలు ఊగాయి. నువ్వు చూసినట్టే అనిపించి ఒకసారి వెనక్కి తిరిగాను.

కొట్టు బాగానే నడుస్తోంది. నీ సూర్యచంద్రుల్ని తీసెయ్యలేదు. కాకపోతే మాత్రల్ని విడిగా పొట్లం కట్టడం మానేసి, స్ట్రిప్ కత్తిరించి పేరూ తేదీ కనపడేలా పొట్లంలో పెట్టి ఇస్తున్నాను. గాలి తగిలితే కొన్ని మాత్రలు మెత్తబడతాయి, పైగా అది ఏ మందో రేపు ఎవరికీ తెలియదు. మొన్న కుండలమ్మే అవ్వ వచ్చి నా పొట్లం తిప్పి తిప్పి చూసి వెనక్కి ఇచ్చేసింది. "ఇది మీ అత్త చంద్రుడు కాదు, వేరే మందేమో" అంది. ఎంత చెప్పినా తీసుకోలేదు. మనసులో మెచ్చుకున్నాను. మందు మారిందని అనుమానం వస్తే అలాగే వెనక్కి ఇవ్వాలి. ఖాళీ దొరికినప్పుడల్లా నీ చంద్రుణ్ణి దిద్దుతున్నాను. నీ చంద్రుడికి ముక్కెందుకుంటుంది అత్తా?

బల్ల కింద అట్టపెట్టెల్లో గడువు దాటిన సీసాలు కొన్ని కనిపించాయి. అమ్మడానికి పెట్టినవి కావని నాకు తెలుసు, పంపడానికి నీకు తీరిక దొరికి ఉండదు. ఎర్ర తాడు కట్టి విడిగా పెట్టాను. ఫ్రిజ్‌లో థర్మామీటరు పెట్టాను. రోజుకో అరలో ఉంచి, పొద్దునా సాయంత్రం చూస్తున్నాను. పక్కింటావిడ పాలగిన్నె, ఆవిడ మనవడి ఐసు గడ్డలు బయటికి పంపేశాను. మందుల ఫ్రిజ్‌లో తిండి ఉండకూడదు, మాటిమాటికీ తలుపు తీస్తే చల్లదనం నిలవదు అని మర్యాదగానే చెప్పాను. ఆవిడ నాతో మాటలు మానేసింది.

నాన్న మీద కాపలా కాస్తూనే ఉన్నాను. అమ్మ నా కంటే గట్టిది. చక్కెర డబ్బాకు తాళం వేసి చెవి కొంగున ముడేసుకుంది. చీమలున్నాయేమోనని నాన్న చొక్కా జేబులు తిరగేసి చూస్తుంది. ఇదివరకు "నేను తినలేదు మొర్రో" అని పోట్లాడేవాడట, ఇప్పుడు అదీ అనడం లేదు. టీకొట్టుకు వెళ్ళడమే మానేశాడు. సాయంత్రాలు ఒక్కడే కూర్చుని అక్కర్లేని చెక్కను చిత్రిక పడుతుంటాడు. పలకను ఆ కాలితోనే తొక్కిపట్టి కోసేవాడు కదా, ఇప్పుడు పట్టుకోవడానికి ఎవరినో పిలవాల్సి వస్తోంది. పిలవడం ఇష్టం లేక పని ఆపేస్తున్నాడు. చూస్తే బాధగా ఉంది. అయినా నీ మాట మీద గౌరవంతో అనుమానిస్తూనే ఉన్నాను.

నీ మోకాలికి నా దండాలు.

నీ మేనకోడలు


జూన్ 17

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు పనిచేస్తున్న నా మేనకోడలికి,

ఈసారి ముద్దులు లేవు, మొట్టికాయలే.

మనూరి బస్సు కండక్టరు నిన్న ఇక్కడ కనిపించాడు. "అమ్మగారూ, మీ కొట్లో మందులు పెట్టెలకు పెట్టెలు బయట పారేస్తున్నారటండీ" అన్నాడు, అల్లుడి ముందే. పాచిపోయిన మందులు అమ్మినదాన్ని అన్నట్టు నా మొహం చూశాడు. ఎర్ర తాడు కట్టి ఊరి కళ్ళముందు పెట్టకపోతే నీకు నిద్ర పట్టలేదా? వాటిలో ఒక్కటి కూడా నేను ఎవరికీ ఇవ్వలేదని నీకు తెలుసు, నాకు తెలుసు. కండక్టరుకు ఎవరు చెబుతారు?

అది పోనీ. నా పరువు సంగతి నేను చూసుకుంటాను. పక్కింటావిడ అమ్మాయికి ఫోన్ చేసింది. పాలగిన్నె సంగతి ఏడ్చిందంటే సరేననుకున్నాను. కానీ ఇంకో మాట చెప్పింది. మీ నాన్న సీసాలు వెనక చోటు నుంచి తీసేశావట. ఆ చోటు ఖాళీగా ఉందట. ముందు వరసలో, తలుపు తీసినప్పుడల్లా వేడిగాలి కొట్టే చోట ఇన్సులిన్ సీసాలు చూసిందట.

ఎందుకు తీశావు? నేను చెప్పిన ఒక్క మాట, ఆ ఒక్కటే గట్టిగా చెప్పాను. వేలు పోతుందేమోనని నేనిక్కడ మంచం మీద దొర్లుతుంటే, నువ్వు మందుకు ఎండ చూపిస్తున్నావా? నా మీద కోపముంటే నా మోకాళ్ళ మీద చూపించు. మీ నాన్న ఏం చేశాడు నీకు?

వాడు నా చేతుల్లో పెరిగాడు. అమ్మ పొలానికి పోతే వాణ్ణి చంకనేసుకుని బడికి వెళ్ళినదాన్ని. వాడికి ఏది మంచిదో నాకు ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. ఈ ఉత్తరం అందిన రోజే సీసాలు వెనక్కి పెట్టి జవాబు రాయి.

అత్త


జూన్ 24

అత్తకు,

సీసాలు ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. పాత సీసాలు ఇక లేవు. పట్నం వెళ్ళి, ఐసు పెట్టెలో పెట్టుకుని కొత్తవి నేనే తెచ్చాను.

మందులు పారేయలేదు. గడువు దాటినవి కంపెనీకి వెనక్కి పంపడానికి కట్టాను. కండక్టరు గారికి నేనే పెట్టె విప్పి చూపించాను. ఆయన ఒప్పుకున్నాడు. నీ పరువు నా పరువు కాదా అత్తా?

వదిన రాసింది, నీ బీపీ దిగకపోతే రెండో ఆపరేషను వాయిదా వేస్తారని. ప్రశాంతంగా ఉండు. నువ్వు కంగారు పడాల్సిన పని ఇక్కడేమీ లేదు.

ఒక మంచి మాట. నాన్న షుగరు దిగుతోంది. వారం నుంచి రోజూ చూస్తున్నాను, ప్రతిసారీ నిన్నటికంటే తక్కువే. పుండు చుట్టూ ఎరుపు కూడా తగ్గింది. వచ్చే వారం డాక్టరు గారికి చూపిస్తాం.

కుండలమ్మే అవ్వ నా చంద్రుణ్ణి ఒప్పుకుంది. ముక్కు పెట్టాను.

నీ మేనకోడలు


జూలై 1

నా బంగారు మేనకోడలికి, తిట్టిన నోటితోనే దీవిస్తూ అత్త రాస్తున్నది.

నీ ఉత్తరం అల్లుడికీ అమ్మాయికీ కూడా చదివి వినిపించాను. షుగరు దిగుతోందన్న చోట రెండుసార్లు చదివాను. చూశావా, నేను చెప్పలేదూ? కాపలా పెట్టగానే దిగింది. ఇన్నాళ్ళూ మందు పనిచేయక కాదు, వీడి నోరు ఊరుకోక. సీసాలు మళ్ళీ వాటి చోటికి పెట్టావు, కళ్ళు వాడి మీద పెట్టావు, సరిపోయింది. నిన్ను అనవసరంగా ఆడిపోసుకున్నాను. కండక్టరు మళ్ళీ కనిపించి చేతులు కట్టుకుని తప్పు ఒప్పుకున్నాడు. పెట్టెల విషయంలో నువ్వే నెగ్గావు, పో.

దిగింది కదా అని మోతాదు ఒక్క చుక్క తగ్గించకు. డాక్టరు గారు రాసింది రాసినట్టు పడాలి.

కింద రాసిన నాలుగు ముక్కలూ మీ నాన్నకు చదివి వినిపించు.

తమ్ముడూ, ఏడాదిపాటు నా కళ్ళలో కళ్ళు పెట్టి తినలేదన్నావు. చిన్నపిల్ల వచ్చి కాపలా కాస్తే నాలుగు రోజుల్లో నిజం బయటపడింది. తిన్నందుకు కాదురా నా బాధ, నాతో అబద్ధం చెప్పినందుకు. నీ కాలు పోతే పలక పట్టుకోవడానికి నేను రావాలా? సిగ్గుండాలి. ఇకనైనా బుద్ధిగా ఉండు. అక్క.

ఇప్పుడు నాకు ప్రాణం కుదుటపడింది. బీపీ కూడా దిగింది. నీ పుణ్యమే.

మీ అత్త


జూలై 5

అత్తా,

ముందు ఒక మాట. నాన్న బాగున్నాడు. ఇది చదివేటప్పుడు ఆ మాట గుర్తుంచుకుని చదువు. వదినను పక్కన కూర్చోబెట్టుకో.

నీ ఉత్తరం నా చేతికంటే ముందు అమ్మ చేతికి వచ్చింది. నేను కొట్టు తీయడానికి వెళ్ళాను. నాన్న అప్పుడే ఇంజెక్షను తీసుకుని పళ్ళెం ముందు కూర్చున్నాడట. అమ్మ నీ నాలుగు ముక్కలూ గొంతెత్తి చదివింది. నాన్న పళ్ళెం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని పనిచేసే పాకలోకి వెళ్ళిపోయాడు. అలిగాడులే, ఆకలేస్తే వస్తాడు అనుకుంది అమ్మ. చాలాసేపటికి చిత్రిక చప్పుడు ఆగిపోయిందని చూడబోతే చెమటతో చొక్కా తడిసిపోయి, బల్లకు ఆనుకుని, అర్థంలేని మాటలు మాట్లాడుతున్నాడు. మధ్యమధ్య "అక్కా" అంటున్నాడు. ఎవరో వచ్చి చెబితే కొట్టు అలా వదిలేసి పరిగెత్తాను.

చూడగానే తెలిసింది. షుగరు పడిపోయింది. చక్కెర తెమ్మన్నాను. అమ్మ కొంగు ముడి విప్పబోతే అది ఇంకా బిగుసుకుంది. నాన్న ఉలి తీసుకుని డబ్బా తాళం ఊడబెరికింది. నాన్నకు ఇంకా మింగే తెలివి ఉంది. నేను తల పట్టుకుంటే అమ్మ చక్కెర నీళ్ళు కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. ఏడాదిగా ఆ డబ్బా ఛాయలకు రానివ్వని అమ్మే గిన్నె అడుగున మిగిలిన పలుకులు వేలితో తీసి నాన్న నాలుకకు రాసింది. ఏడుస్తూనే రాసింది.

కాసేపటికి తేరుకున్నాడు. మా ఇద్దరి మొహాలూ చూశాడు. అప్పుడు ఒక మాట అన్నాడు.

"ఇదొక్కటీ తిన్నాను. అక్కకి రాయి."

అందుకే రాస్తున్నాను. నాన్న ఎప్పుడూ తీపి తినలేదు అత్తా. ఏడాదిగా నిజమే చెప్పాడు. మనం ముగ్గురం నమ్మలేదు.

థర్మామీటరు రోజుకో అరలో పెడుతున్నానని రాశాను కదా. వెనక గోడ దగ్గర పెట్టిన మర్నాడు తెల్లవారుతుండగానే కొట్టు తీశాను. అక్కడ నీళ్ళు గడ్డకట్టే చలి కంటే ఎక్కువ చలి ఉంది. నాన్న సీసా చేతిలోకి తీసుకుంటే లోపల గడ్డకట్టి ఉంది. పగలంతా తలుపు తీస్తూ వేస్తూ ఉంటాం కాబట్టి మళ్ళీ కరిగిపోతుంది. అందుకే నీ కంటపడలేదు. కరిగాక అరచేతుల్లో దొర్లించి చూశాను. పాలలా ఒక్క తీరుగా కలవాల్సింది, పలుకులు పలుకులుగా గాజుకు అంటుకుంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా ఇక నమ్మడానికి లేదు, దాని బలం పోతుంది. పోయిన ఎండల్లో నువ్వు మీట తిప్పావు. నాన్న షుగరు దిగనిది అప్పటి నుంచే.

నీకు వెంటనే రాయలేకపోయాను. ఆపరేషను ముందు నీ గుండె మీద రాయి వెయ్యలేక, సీసాలు ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయని మెలిక పెట్టి రాశాను. నువ్వు ఇంకోలా అర్థం చేసుకుంటావని తట్టలేదు. ఇక నా తప్పు వేరే ఉంది. బలం లేని మందుకు తగ్గట్టు పెరిగిన మోతాదు అది. బలమున్న మందు తెచ్చిన రోజే డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తాల్సింది. షుగరు దిగుతోందని మురిసిపోతూ, వచ్చే వారం చూపిద్దాంలే అనుకున్నాను. థర్మామీటరు పెట్టడం తెలిసింది గానీ ఆ తర్వాతి అడుగు మరిచాను. నిన్న ఆయన నన్ను గదిలోనే నిలబెట్టి చీవాట్లు పెట్టారు. పడ్డాను. మోతాదు పాతదానికి దించారు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఇది మేనకోడలిగా అడగడం లేదు, నీ కొట్లో కూర్చున్నదానిగా అడుగుతున్నాను. ఆ వెనక చోటులోని మందు నాన్నకు తప్ప ఇంకెవరికైనా ఎప్పుడైనా ఇచ్చావా? బాగా గుర్తు చేసుకుని రాయి. ఇచ్చి ఉంటే వాళ్ళ ఇళ్ళకు నేనే వెళ్ళి, సీసాలు మార్చి, డాక్టరు గారి దగ్గరికి పంపాలి.

నీ మేనకోడలు


జూలై 8

తల్లీ,

ఎవరికీ ఇవ్వలేదు. రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. ఒక్కరికి కూడా ఇవ్వలేదు. ఊరందరికీ ముందు వరసలోదే ఇచ్చాను. వాళ్ళంతా బాగున్నారు. నా అనుకున్నవాడికి మాత్రమే ఆ చోటు దాచాను.

డబ్బా మీద రాసే ఉంటుంది, గడ్డకట్టనివ్వకూడదని. ఎన్ని డబ్బాలు అమ్మి ఉంటాను, ఎన్నిసార్లు చదివి ఉంటాను. ఎంత చల్లగా ఉంటే వాడికి అంత మంచిదనుకున్నాను. తగినంత అన్న మాట వాడి దగ్గరికి వచ్చేసరికి నాకు ఎప్పుడూ తోచలేదు. అన్నం పెట్టినా అంతే, తిట్టినా అంతే.

నువ్వు దాచినందుకు ముందు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, నా కోపానికి భయపడి దాచేలా నిన్ను చేసింది నేనే. ఒక మాట చెబుతాను విను. మందు సంగతైతే ఎవరి గుండెనూ చూడకు, నాదైనా సరే. బీపీ వస్తే వేసుకోవడానికి మాత్రలున్నాయి. నువ్వు మొదటి రోజే రాసి ఉంటే నేను ఆ నాలుగు ముక్కలూ రాసేదాన్ని కాదు, వాడు పళ్ళెం ముందు నుంచి లేచేవాడు కాదు. ఇది నిన్ను అనడం కాదు. ఇద్దరం కలిసి చేశాం.

మీట నీ చేత్తో మధ్యకు తిప్పు. ఇకమీదట అది నీ మాట వింటుంది, నా మాట కాదు. పాలగిన్నె ఎవరిదైనా సరే లోపలికి రానివ్వకు. పక్కింటావిడకు నేను చెబుతాను.

ఇంటిదొంగ అన్నాను కదా. ఆ దొంగ ఎవరో తెలిసింది.

వాడికి ఏం రాయాలో తెలియడం లేదు. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. నేను రాసిన ఆ ముక్కలు ఉంటే చించెయ్యి. వేలు ఎలా ఉంది? డాక్టరు ఏమన్నాడు? అది ఒక్కటి రాయి.

అత్త


జూలై 14

అత్తకు, నా ప్రాణానికి ప్రాణమైన తగవులమారికి,

వేలు ఉంటుంది. డాక్టరు గారు కట్టు విప్పి, అద్దాలు మార్చుకుని మరీ చూశారు. కొత్త చర్మం వస్తోంది, కోయాల్సిన పని లేదు అన్నారు. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. నాన్న సిగ్గుపడి కిటికీలోంచి బయటికి చూశాడు.

నీ ఉత్తరం నాన్నకు చదివి వినిపించాను. నువ్వు చెప్పలేదు, అయినా చదివాను. చిత్రిక పక్కన పెట్టి విన్నాడు. తర్వాత ఫ్రిజ్ కొలతలు తీసుకురమ్మన్నాడు. వెనక గోడకు ఏ డబ్బా ఆనకుండా చెక్క చట్రం చేస్తానన్నాడు. చెక్క తేమ పీలుస్తుంది, మందుల ఫ్రిజ్‌లో పనికిరాదు అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. సాయంత్రానికి పండ్లమ్మే ఆయన దగ్గర ఖాళీ ప్లాస్టిక్ పెట్టె తెచ్చి, జాలీలా ఉన్న ఒక పక్కను కోసి, అంచులు నున్నగా అరగదీసి పట్టుకొచ్చాడు. "వడ్రంగి చేత ఇలాంటి పని చేయించావు" అని విసుక్కున్నాడు. శుభ్రంగా కడిగి పెట్టాను. చక్కగా సరిపోయింది. ఇప్పుడు ఎవరు ఎంత వెనక్కి తోసినా సీసా మంచును తాకదు.

అది కోసేటప్పుడు పెట్టెను ఏ కాలితో తొక్కిపట్టాడో చెప్పుకో. నేను కేకలేశాను. మడమతోనే కదా, వేలు తగల్లేదు అన్నాడు.

అమ్మ చక్కెర డబ్బాకు కొత్త తాళం కొనలేదు. టీకొట్టుకు వెళ్ళమంటే మాత్రం వెళ్ళడం లేదు. ఎందుకని అడిగితే, అక్కడ ఉన్నవాళ్ళంతా తను తిన్నాడనే అనుకుంటున్నారు కదా, ఒక్కొక్కరికీ ఏం చెప్పుకుంటాను అన్నాడు.

నువ్వు చించెయ్యమన్న ముక్కలు ఆయన దగ్గరే ఉన్నాయి. ఇవ్వనన్నాడు. నీ చేతిరాత తన పేరు మీద రావడం అదే మొదటిసారట.

నీ మేనకోడలు

అక్కా కాలు బాగుంది. మోకాలు చూసుకో. చక్కెర మళ్ళీ ముట్టుకోలేదు. (ఇది నాన్న పెన్సిలుతో రాసింది. పెన్సిలు చెవి మీద నుంచి తీసి, రాసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు.)


జూలై 19

తమ్ముడికి అక్క రాస్తున్నది.

కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను, రేపు పొద్దుటికల్లా అందుతుంది. నా మేనకోడలు ఈ ఉత్తరం నీ చేతికే ఇవ్వాలి. ఇది నీదే.

నిన్ను బడికి చంకనేసుకు వెళ్ళిన రోజుల్లో నువ్వు ఏడిస్తే, ఆకలో నిద్రో ఇంకేమిటో నాకు ఏడుపును బట్టి తెలిసేది. నీ మొహం చూసి నీ మాట నిజమో కాదో చెప్పగలననుకున్నాను. ఏడాదిపాటు చూశాను, చెప్పలేకపోయాను. నువ్వు తినలేదన్నావు. నేను నిన్ను కాక ఫ్రిజ్‌ను నమ్మాను. నన్ను క్షమించు. ఈ మాట నీతో ఎప్పుడూ అనలేదు, చిన్నప్పుడు నీ బొంగరం పోగొట్టినప్పుడు కూడా అనలేదు.

నువ్వు ఆ జాలీ చేసి పెట్టావని చదివి చాలా ఏడ్చాను. అల్లుడు లేచి నిలబడ్డాడు. కూర్చో నాయనా, ఇది దగ్గు కాదు అన్నాను.

రేపు కాక మర్నాడు నా కుడి మోకాలి ఆపరేషను. దానికి ముందు నేను చేయాల్సిన పని ఒకటుంది. నీకు ఉత్తరంలో చెప్పాను, సరే. కానీ నేను నిన్ను అనుమానించింది ఒక్క ఉత్తరంలోనే కాదు. టీకొట్టు వాడికి చెప్పాను, కండక్టరుకు చెప్పాను, మందులకు వచ్చినవాళ్ళందరి ముందూ నిన్ను దులిపాను. ఊరంతా వినేలా అన్నదాన్ని ఇప్పుడు గుట్టుగా నీ ఒక్కడి చెవిలో చెబితే సరిపోదు.

కొట్లో ఫోన్ అరిచినట్టు వినిపిస్తుంది కదా, అందుకే ఇన్నాళ్ళూ చేయలేదు. రేపు సాయంత్రం బస్సు వచ్చాక, కొట్టు నిండా జనం ఉన్నప్పుడు చేస్తాను. టీకొట్టు వాడిని కూడా పిలిపించమని నీ కూతురికి చెప్పు. ఫోన్ బల్ల మీదే ఉండాలి. సీసా పాడైంది నా చేతి మీదుగా అనీ, నా తమ్ముడు ఒక్క పలుకు కూడా తినలేదనీ నా నోటితో చెబుతాను. కొట్టు పేరు పోతుందేమోనని అమ్మాయి భయపడుతోంది. పోతే పోనీ, నిజం చెప్పే కొట్టని ఎవరో ఒకరు మళ్ళీ వస్తారు.

నువ్వు ఏమీ మాట్లాడక్కర్లేదు. కాలు పైకి పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుని విను. అది అయ్యాక అందరితో కలిసి టీకి వెళ్ళు. చక్కెర లేకుండా.

అక్క